బరువు తగ్గే ఆపరేషన్‌కి మనసును సిద్ధం చేసుకునే తీరు

బేరియాట్రిక్ సర్జరీకి, అంటే బరువు తగ్గించే ఆపరేషన్‌కి సిద్ధమయ్యే అమ్మాయికి ఆసుపత్రి ఒక పెద్ద జాబితా ఇస్తుంది. రక్తపరీక్షలు, గుండె పరీక్ష, ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, థైరాయిడ్, విటమిన్లు అన్నీ అందులో ఉంటాయి. తన ఒంటిని తాను ఎలా చూసుకుంటోంది, రేపు మారబోయే ఒంటిని ఎలా చూసుకోబోతోంది అన్న ప్రశ్నకు మాత్రం చాలాసార్లు అందులో చోటుండదు. ఉన్నా ఒక్క సంతకంతో ఆ పని అయిపోతుంది.

ప్రపంచంలో ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో పదింట ఏడెనిమిది మంది ఆడవాళ్లే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఇప్పుడు కొత్తేమీ కాదు. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు కూడా వస్తున్నారు. కిలోలతో పాటు బడిలో పెట్టిన పేర్లను, పెళ్లిచూపుల్లో విన్న మాటలను మోసుకుంటూ వస్తున్నారు.

ఆపరేషన్ కిలోలను తగ్గిస్తుంది. ఆ మాటలు చేసిన గాయానికి వేరే వైద్యం కావాలి. దానికీ ఒక వరుస ఉంది. నిర్ణయం తీసుకోకముందు నుంచి రెండో ఏడాది దాకా ఏ దశలో ఏం చేయాలో చూద్దాం.

1. ముందు కారణాలు రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఈ ఆపరేషన్ ఎందుకు అనుకుంటున్నారో ఒక్కొక్కటిగా రాయండి. మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పులు, షుగరు, పీసీఓడీ వల్ల నెలసరి తప్పడం, రాత్రి గురకతో నిద్ర తెగిపోవడం, ఇవన్నీ ఒక పక్క. ‘మంచి సంబంధం రావాలి’, ‘చెల్లి పెళ్లి ఫొటోల్లో సన్నగా కనిపించాలి’, ‘వాళ్ల నోళ్లు మూయించాలి’ లాంటివి ఇంకో పక్క.

మొదటి పక్క ఉన్నవాటిని ఆపరేషన్ చాలావరకు తీర్చగలదు. రెండో పక్క ఉన్నవి ఎదుటివాళ్ల చేతుల్లో ఉన్నవి. వాటికి ఏ సర్జన్ కూడా పూచీ పడలేరు. రెండో పక్కే నిండిపోయి మొదటి పక్క ఖాళీగా ఉంటే ఆపరేషన్ తేదీ తీసుకోకండి. ముందు కౌన్సెలింగ్‌కి వెళ్లండి.

పెళ్లి కోసమే అనుకునేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. బరువు వేగంగా తగ్గుతూ, పోషకాలు చాలీచాలకుండా అందే ఆ కాలంలో కడుపులో బిడ్డకు ఇబ్బంది. మరోవైపు బరువు తగ్గేకొద్దీ పీసీఓడీ ఉన్నవాళ్లలో అండం విడుదల గాడిలో పడి, అనుకోకుండా గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఈ ఆపరేషన్లలో ఒక రకమైన గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లలో గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి ముందే డాక్టర్‌ని అడగాలి. ఆపరేషన్ అయిన ఆరు నెలలకే ముహూర్తం పెట్టించుకుంటే, పెళ్లైన మూడో నెల నుంచే ‘ఏమైనా విశేషమా?’ అని అడిగే ఇంట్లో ఆ పిల్ల ఎంత నలిగిపోతుందో ఆలోచించండి.

2. అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోండి

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 158 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న అమ్మాయి బీఎంఐ 38. మన దేశంలో సర్జన్లు సాధారణంగా 37.5 దాటితే, లేదా షుగరు, బీపీ లాంటి జబ్బులుండి 32.5 దాటితే ఆపరేషన్ సూచిస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్లకు ఈ గీతను ఇంకా దించి, 27.5 దగ్గర నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆరోగ్య బీమా నిబంధన వేరు: 18 ఏళ్లు నిండి ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి, లేదా తీవ్రమైన జబ్బులతో 35 ఉండాలి.

బీఎంఐ జబ్బు ముప్పును అంచనా వేయడానికి పనికొస్తుంది. అందచందాలకు అది కొలత కాదు. గీత దాటినంత మాత్రాన ఆపరేషన్ తప్పనిసరి కాదు. గీతకు చాలా కింద ఉండి కూడా అద్దంలో తన ఒళ్లు భరించలేనంత లావుగా కనిపిస్తోందని బాధపడే అమ్మాయికి కావలసింది మానసిక వైద్యుల సహాయం. ఆమెకు కడుపు కోస్తే బాధ తగ్గదు. ఇంకో రూపంలో బయటపడుతుంది.

3. సైకాలజిస్ట్ దగ్గర దాపరికం వద్దు

చాలామంది దీన్ని పాసవ్వాల్సిన పరీక్షనుకుని నచ్చే జవాబులు చెప్పేస్తారు. ఆ గదిలో దాచిపెట్టినవే తర్వాత ఇబ్బంది పెడతాయి. ఎవరూ చూడకుండా ఒక్కసారిగా తినేయడం, తిన్నది కావాలని కక్కేయడం, నిస్పృహ, చేతులు కోసుకున్న రోజులు, చిన్నప్పుడు ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించిన సంగతి, అన్నీ చెప్పండి. వీటిలో చాలావాటికి ముందుగా చికిత్స చేసి ఆ తర్వాత ఆపరేషన్‌కి వెళ్లవచ్చు.

ఒంటి మీద మనకున్న అభిప్రాయాన్ని కొలవడానికి కొందరు ఒక బొమ్మల వరుస చూపిస్తారు. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, ఆయన సహచరులు 1983లో వెలువరించిన వరుస అది. బాగా సన్నటి ఆడమనిషి నుంచి బాగా లావుపాటి ఆడమనిషి దాకా తొమ్మిది గీతబొమ్మలు ఉంటాయి. ‘ఇప్పుడు మీరు ఏ బొమ్మలా ఉన్నారు?’ అని ఒకసారి, ‘ఏ బొమ్మలా ఉండాలనుంది?’ అని ఒకసారి అడుగుతారు. రెండు అంకెల మధ్య ఎంత దూరముంటే అంత అసంతృప్తి అని లెక్క. మీ జవాబులు రెండూ తేదీ వేసి దాచుకోండి. ఆరు నెలలకొకసారి మళ్లీ వేలు పెట్టి చూపండి. ఒళ్లు మూడు బొమ్మలు వెనక్కి జరిగినా కోరిక కూడా మూడు బొమ్మలు వెనక్కి జరిగితే, దూరం అలాగే ఉంటుంది. ఆ సంగతి త్రాసు చెప్పదు.

బరువు తగ్గితే మనసు దానంతటదే బాగుపడుతుందన్న నమ్మకాన్ని పరీక్షించిన అధ్యయనాలున్నాయి. అమెరికాలో ‘టీన్ ల్యాబ్స్’ పేరుతో ఈ ఆపరేషన్ చేయించుకున్న 242 మంది టీనేజీ పిల్లలను పరిశీలించారు. వాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. మూడేళ్ల తర్వాత సగటున 27 శాతం బరువు తగ్గింది, బతుకు తీరు మెరుగైందని వాళ్లే చెప్పారు. స్వీడన్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న 81 మంది టీనేజర్లను ఐదేళ్లపాటు గమనిస్తే, బరువు బాగా తగ్గి, తమ మీద తమకు గౌరవం కొంత పెరిగినా, మానసిక చికిత్స అవసరం మాత్రం తగ్గలేదని తేలింది. ఆపరేషన్ మంచి చేస్తుంది. మనసు పని మాత్రం విడిగా చేయాల్సిందే.

4. రాబోయే ఒంటిని ముందే చూడండి

ప్రకటనల్లో చూపేవి ఒంటి నిండా బట్టలున్న ‘ముందు, తర్వాత’ ఫొటోలు. మీ సర్జన్‌ని, వైద్య అవసరాల కోసం అనుమతితో తీసిన పొట్ట, జబ్బలు, తొడల ఫొటోలు చూపమని అడగండి. ఆపరేషన్ అయి రెండేళ్లు దాటిన ఒకరిద్దరు ఆడవాళ్లతో మాట్లాడించమని అడగండి.

ముందుగా మనసులో పెట్టుకోవాల్సిన లెక్క ఇది. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో కడుపు సంచిలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంచుతారు. బైపాస్‌లో కడుపు పైభాగాన చిన్న సంచి తయారుచేసి, దానికి పేగును కలుపుతారు. రెండిటితోనూ ఒకటి రెండేళ్లలో మొత్తం బరువులో పావు వంతు నుంచి ముప్పై శాతం దాకా తగ్గడం మామూలు. 95 కిలోల అమ్మాయి 67, 71 కిలోల మధ్యకు వస్తుంది. బీఎంఐ 27, 28 దగ్గర ఆగుతుంది. షుగరు అదుపులోకి రావచ్చు, మోకాళ్లు తేలికపడొచ్చు, నెలసరి సక్రమం కావచ్చు. ఆపరేషన్ పూర్తిగా ఫలించినట్టే. అయినా మన పట్టికల ప్రకారం ఆ అమ్మాయి ఇంకా ‘ఊబకాయం’ గడిలోనే ఉంటుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే, గెలిచిన రోజునే ఓడిపోయాననుకుంటుంది.

చర్మం వదులవడం, కొన్ని నెలలు జుట్టు రాలడం, పొట్ట మీద నాలుగైదు చిన్న మచ్చలు, బుగ్గలు లోపలికి పోవడం, ఇవి కూడా రాబోయేవే.

5. ఆపరేషన్ ముందు రెండు వారాలు

ఈ రెండు వారాల్లో తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు. కొవ్వు పట్టిన కాలేయం కాస్త కుదించుకుంటే దాని వెనకున్న కడుపు సర్జన్‌కి సులువుగా అందుతుంది. ఒంటి పని అలా జరుగుతుండగా మీరు మూడు పనులు చేయండి.

ఒకటి, ఒంటికి పట్టిన బట్టల్లో ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీయించుకుని దాచండి. రెండు, ఒళ్లు ఈరోజు ఏం చేయగలదో రాయండి: ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలరు, కింద బాసింపట్టు వేసుకుని ఎంతసేపు కూర్చోగలరు, ఎవరి సాయం లేకుండా చెప్పు పట్టీ పెట్టుకోగలరా. మూడు, ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తేల్చుకోండి. చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా మీ ఇష్టం. అమ్మానాన్నలు కూడా మీరు గీసిన గీత దాటకూడదని వాళ్లకు ముందే చెప్పండి.

6. మొదటి రెండు నెలలు

మొదట ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తటి ఆహారం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, గుక్కగుక్కగా నీళ్లు, భోజనానికి నీళ్లకు మధ్య అరగంట ఎడం. డైటీషియన్ ఇచ్చే పట్టికలో ఇదంతా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను.

ఆ పట్టికలో లేనిది ఒకటుంది. కోపమొచ్చినా దిగులేసినా గిన్నె దగ్గరకు వెళ్లడం అలవాటైన అమ్మాయికి ఇప్పుడు ఆ తోడు లేదు. ఇంటిల్లిపాదీ పండగ పూట బొబ్బట్లు తింటుంటే తాను చిన్న గ్లాసుతో పప్పుకట్టు తాగుతూ ‘ఎందుకు చేయించుకున్నానా’ అని ఏడ్చే రోజు వస్తుంది. చాలామందికి వస్తుంది, గడిచిపోతుంది. ఆ రోజు ఫోన్ చేయడానికి ఒక మనిషిని ముందే అనుకుని ఉంచుకోండి.

ఒక హెచ్చరిక. వాంతులు ఆగకుండా అవుతుంటే ‘ఆపరేషన్ అయ్యింది కదా, మామూలే’ అని ఊరుకోకండి. బీ1 విటమిన్ లోపించి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

7. మూడో నెల నుంచి: జుట్టు, ముఖం, నలుగురి మాటలు

మూడో నెలకో నాలుగో నెలకో దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఒళ్లు ఒక్కసారిగా పెద్ద మార్పుకు లోనైనప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి రాలిపోతాయి. కుదుళ్లు చావవు. మాంసకృత్తులు, ఐరన్, జింక్ సరిగ్గా అందితే కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది. పొడుగు జడను అందానికి గుర్తుగా చూసే మన ఇళ్లలో ఈ దశ బరువు కన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. కావాలంటే జుట్టు కాస్త కత్తిరించుకోండి. అందులో తప్పేమీ లేదు.

అదే సమయంలో బంధువుల నోళ్లు తెరుచుకుంటాయి. నిన్నటిదాకా ‘ఏం తినిపిస్తున్నావమ్మా పిల్లకి’ అన్నవాళ్లే ఇవాళ ‘ఏమేవ్, ఒంట్లో బాలేదా? ముఖమంతా పీక్కుపోయిందే! షుగరేమైనా వచ్చిందా?’ అంటారు. జవాబును ముందే తయారు చేసుకుని, ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకోండి. ‘బాగానే ఉన్నా పెద్దమ్మా, డాక్టర్ చూస్తున్నారు. మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?’ ఇంతే చాలు. సంజాయిషీ ఇవ్వాల్సిన పనిలేదు.

పొగడ్త ఒక్కోసారి తిట్టు కన్నా లోతుగా గుచ్చుకుంటుంది. ‘ఇప్పుడు ఎంత బాగున్నావో! ఇదివరకు అబ్బా, ఎలా ఉండేదానివి!’ అంటారు. అప్పుడున్నదీ మీరే. ఇంటర్‌లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నది, నాయనమ్మను ఆసుపత్రిలో చూసుకున్నది ఆ ఒంటితోనే. ‘అప్పుడూ బాగానే ఉన్నాను అత్తా, ఇప్పుడు ఆయాసం తగ్గింది’ అనండి. ఎదుటివాళ్ల కోసం కాకపోయినా మీ చెవులు వినడం కోసం అనండి.

8. ఆరు నుంచి పద్దెనిమిది నెలలు: కళ్లకు కొత్త ఒంటిని అలవాటు చేయడం

ఇదే అసలు దశ. ఒళ్లు తగ్గినంత వేగంగా మనసులోని బొమ్మ తగ్గదు. దుకాణంలో చెయ్యి దానంతటదే త్రీ ఎక్సెల్ కుర్తా మీదికి పోతుంది. బస్సులో ఇద్దరి సీట్లో చోటున్నా ‘నేను పట్టను’ అని నిలబడతారు. అద్దంలో పాత మనిషే కనిపిస్తుంది. సైకాలజిస్టులకు ఇది తెలిసిన సంగతే. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. దీనికి రెండు సాధనలున్నాయి.

మొదటిది జాకెట్టుతో. ఆపరేషన్‌కి ముందు కుట్టించుకున్న ఒక జాకెట్టును కుట్లు విప్పకుండా అలాగే ఉంచండి. ఇప్పుడు సరిపోయే జాకెట్టును మంచం మీద దాని పైన పరచండి. భుజం కుట్టుకు భుజం కుట్టు ఆనించి, చంక కింద రెండు కుట్ల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. చేతి గుండ్రం కొలవండి. నడుము పట్టీ కొలవండి. పుస్తకంలో అంగుళాల్లో రాయండి. అద్దం ముందు వాదించే మనసు టేపు ముందు అంతగా వాదించలేదు. పాత జాకెట్టును చూసి సిగ్గుపడాల్సింది లేదు. కొలత పూర్తయ్యాక మడతపెట్టి బీరువాలో పెట్టండి.

రెండోది అద్దంతో, వీలైతే సైకాలజిస్ట్ చెప్పిన పద్ధతిలో. వారానికి రెండుసార్లు, నిలువుటద్దం ముందు, కొద్ది నిమిషాలు. నుదుటి నుంచి పాదాల దాకా ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పాలి. ‘జబ్బలు అసహ్యంగా ఉన్నాయి’ అనకూడదు. ‘మోచేతి పైన చర్మం వదులుగా ఉంది. రంగు మోచేతి దగ్గర కాస్త ముదురు. ఎడమ జబ్బ మీద టీకా మచ్చ ఉంది’ అనాలి. నచ్చని చోట ఆగిపోకుండా, నచ్చిన చోటును దాటేయకుండా, అన్నిటికీ సమానంగా మాట ఇవ్వాలి. మొదట్లో ఏడుపొస్తుంది. కొన్ని వారాలకు చూపులో కోపం తగ్గుతుంది. ఏడుపు ఆగకుండా రోజంతా వెంటాడుతుంటే ఒంటరిగా కొనసాగించకండి. సైకాలజిస్ట్‌కి చెప్పండి.

దీంతో పాటు ఆపరేషన్ ముందు రాసుకున్న కాగితం తీసి, ఇప్పుడెన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారో దాని పక్కన రాయండి.

9. వదులైన చర్మం గురించి

ఏళ్ల తరబడి సాగిన చర్మం కొవ్వు పోయినంత మాత్రాన వెనక్కి లాక్కోదు. వ్యాయామం కండను పెంచుతుంది గానీ వేలాడే చర్మాన్ని బిగించలేదు. క్రీములు అసలే బిగించలేవు, వాటి మీద డబ్బు పోయకండి. మన ఎండల్లో పొట్ట మడతల కింద, రొమ్ముల కింద, తొడల మధ్య చెమట చేరి ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. రోజూ కడిగి, పూర్తిగా తడి ఆర్చి, నూలు బట్టలు వేసుకోవాలి. ఎర్రబడి దురద మొదలైతే చర్మవైద్యులకు చూపించాలి.

చర్మం తీసే ఆపరేషన్లు ఉన్నాయి. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర గడిచి, బరువు కొన్ని నెలలపాటు ఒకేచోట నిలిచాకే చేస్తారు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు పొట్ట ఆపరేషన్‌ని కాన్పుల తర్వాతికి వాయిదా వేయమంటారు. పొట్ట మీద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా, జబ్బల లోపలివైపు పొడవునా మచ్చ ఉంటుంది. బీమా కంపెనీలు చాలావరకు దీన్ని అందం కోసం చేసేదిగా లెక్కగట్టి డబ్బు ఇవ్వవు. చర్మాన్ని మోయాలా, మచ్చను మోయాలా అన్న ఎంపిక ఆ అమ్మాయిదే. రెండిట్లో ఏదీ సిగ్గుపడాల్సింది కాదు.

10. రెండో ఏడాది, ఆ తర్వాత

అతి తక్కువ బరువుకు చేరాక కొన్ని కిలోలు మళ్లీ పెరగడం సాధారణం. అది మీ తప్పిదమని కుంగిపోయి డాక్టర్ దగ్గరకు వెళ్లడం మానేయకండి. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ పరీక్షలూ మాత్రలూ జీవితాంతం ఉంటాయి.

మళ్లీ లావవుతానన్న భయంతో భోజనం మానేయడం, నమిలి ఉమ్మేయడం, వేలు పెట్టి కక్కడం, రోజుకు పదిసార్లు త్రాసెక్కడం, ఫొటో అంటేనే పారిపోవడం, తిండి స్థానంలో మద్యం చేరడం కనిపిస్తే వెంటనే సైకాలజిస్ట్‌ని లేదా మానసిక వైద్యులను కలవాలి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. ఈ ఆపరేషన్ల తర్వాత కొందరిలో తమను తాము గాయపరచుకునే ముప్పు పెరుగుతుందని పలు అధ్యయనాలు చెప్పాయి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. కూతురి బరువు గురించి ఇంట్లో ఎవరేమన్నా, అది అత్తయ్యైనా బాబాయైనా, అక్కడే అడ్డుకోండి. ‘ఎన్ని కిలోలు తగ్గావు?’ అని అడిగే బదులు ‘ఇవాళ ఎలా ఉంది?’ అని అడగండి. ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఆసుపత్రిలో ఒక ప్రశ్న వేయండి: సైకాలజిస్ట్ మా అమ్మాయిని ఎన్నిసార్లు, ఎన్నేళ్లు చూస్తారు? సూటిగా జవాబు రాకపోతే తొందరపడకండి, ఇంకో ఆసుపత్రిలో అడగండి.